మాత్ర వేసుకుంటున్నా గుండెదడ ఎందుకు?

మే నెలలో భిలాయి ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసేవారికి ఆ ఎండ మరీ దుర్భరం. వారి శరీరం లోపల కూడా వేడి ఎక్కువగా పుడుతుంది. దానికి గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి తోడు.

డాక్టర్లు సాధారణంగా కార్బిమజోల్ ఇస్తారు. వారం గడిచినా దడ తగ్గకపోయేసరికి కొందరు మాత్రలు మానేస్తారు. అలా మానకూడదు. ఎందుకో చూద్దాం. భిలాయిలో 1960 నుంచి రైలు పట్టాలు తయారవుతున్నాయి. ఈరోజు మిల్లు ఆపినా, యార్డులో పేర్చినవి వ్యాగన్లెక్కి పోతూనే ఉంటాయి కదా! ఈ మందు కూడా కొత్త హార్మోను తయారీనే ఆపుతుంది. గ్రంథిలో నిల్వ ఉన్నది రక్తంలోకి వస్తూనే ఉంటుంది. పైగా రక్తంలోని థైరాక్సిన్ సగానికి తగ్గడానికే కొన్ని రోజులు కావాలి. అందుకే తేడా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఈలోగా దడకూ వణుకుకూ ప్రొప్రనొలాల్ ఇస్తారు. ఇది గుండెపై అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకుంటుంది. ఉబ్బసం ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. కాఫీ, టీ తగ్గిస్తే మంచిది.

కార్బిమజోల్ వాడేవారు మీ ఇంట్లో ఉన్నారా? వారికి జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే మామూలు జలుబనుకోకండి. అరుదుగా ఈ మందు తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. తరువాతి మాత్ర వేసుకోకుండా, అదే రోజు డాక్టరును కలిసి రక్తపరీక్ష చేయించాలి.