వాయువుల పద్దులో రైతు పాలు



ఇటీవల ఇస్నాపూరు పొలములలో మేము వరినాట్లు చూచుచు గట్టుమీద నిలిచియుండగా, ఒక వృద్ధరైతు మాయొద్దకు వచ్చి, పాశమైలారము వైపు చేయి చూపి యిట్లడిగెను: "అయ్యా, ఆ గొట్టములనుండి రాత్రింబగళ్లు పొగ లేచుచున్నది. దానిని విడిచి మా వరిమడియు మా బఱ్ఱెయు లోకమును వేడెక్కించుచున్నవని చెప్పుచున్నారట. ఈ మాట ఎవరు లెక్కకట్టి చెప్పినారు? ఆ లెక్క మాకెవరైన చూపుదురా?"

ఈ ప్రశ్న న్యాయమైనది. తన పేర అప్పు వ్రాయబడినపుడు చిట్టా చూపుమని యడుగు హక్కు సంఘములోని ప్రతి సభ్యునికిని గలదు. వాయువుల విషయమునను అంతే. కావున ఆ లెక్క యెట్లు వ్రాయబడునో, అందు రైతు పాలు ఎంతయో, తెలిసినంతవఱకు వివరించుచున్నాము.

లెక్కింపబడు వాయువు లేవి?

చలికాలమున గొంగడి కప్పుకొన్నవాని ఒంటివేడి బయటికి పోదు. అట్లే గాలిలోని కొన్ని వాయువులు భూమినుండి పైకి లేచు వేడిమిని పోనీయక పట్టియుంచును. వీనినే హరితగృహ వాయువు లందురు. ఇవి బొత్తిగా లేకున్న భూమి గడ్డకట్టును. మితిమీఱిన ఎండలు ముదిరి, వానలు తప్పి, పంటలు చెడును.

వీనిలో ముఖ్యమైనవి మూడు. మొదటిది బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు. బొగ్గు, డీజిలు, పెట్రోలు కాల్చుటవలన ఇది పుట్టును. రెండవది మీథేను. నీరు నిలిచిన బురదలోను, నెమరువేయు పశువుల కడుపులోను ఇది పుట్టును. గోబరు గ్యాసు పొయ్యిలో మండునది ముఖ్యముగా ఈ వాయువే. మూడవది నైట్రస్ ఆక్సైడు. పొలమున చల్లిన నత్రజని యెఱువులో కొంత భాగము ఈ రూపమున ఎగిరిపోవును.

ఈ మూడింటి బలము సమానము కాదు. నూఱేండ్ల కాలమునకు లెక్కించినచో, పారిస్ ఒడంబడిక నియమముల ప్రకారము, ఒక టన్ను మీథేను 28 టన్నుల బొగ్గుపులుసు వాయువుతోను, ఒక టన్ను నైట్రస్ ఆక్సైడు 265 టన్నులతోను సమానముగా ఎంచబడును. శేరులు, మణుగులు, పుట్లు అన్నియు కిలోలలోనికి మార్చి మొత్తము కట్టినట్లే, అన్ని వాయువులను బొగ్గుపులుసు వాయువు టన్నులలోనికి మార్చి మొత్తము వ్రాయుదురు.

లెక్క ఎవరికి, ఎందుకు?

1992లో రియో డి జనీరో పట్టణమున దేశములన్నియు కూడి వాతావరణమును గూర్చి ఒక ఒడంబడిక చేసికొనినవి. దానియందు చేరిన ప్రతి దేశమును తన యెల్లలలో పుట్టు వాయువుల పద్దును సమర్పించుటకు ఒప్పుకొన్నది. మన దేశము తన మొదటి నివేదికను 2004లో సమర్పించెను. అది 1994వ సంవత్సరపు లెక్క. 2024 డిసెంబరులో సమర్పించిన నివేదికలో 2020వ సంవత్సరపు లెక్క యున్నది. ఈ పని కేంద్ర ప్రభుత్వపు పర్యావరణ మంత్రిత్వశాఖ ఆధ్వర్యమున, దేశమందలి పరిశోధన సంస్థల తోడ్పాటుతో జరుగును.

ఈ పద్దు శిస్తు పద్దు కాదు. దీనినిబట్టి ఏ రైతు పేరను ఒక్క పైస పన్ను వ్రాయబడదు. ఏ వృత్తినుండి ఎంత వాయువు లేచుచున్నదో తెలిసికొని, ఎచట తగ్గింపవచ్చునో యోచించుటకే యిది.

లెక్క కట్టు విధము

ప్రతి పొగగొట్టము మీదను, ప్రతి మడి మీదను యంత్రము పెట్టి కొలుచుట అసాధ్యము. కావున సంఘములో వడ్డీ కట్టు పద్ధతినే యిచటను అనుసరింతురు. అసలును వడ్డీరేటుతో హెచ్చించినచో వడ్డీ వచ్చును. అట్లే కాల్చిన బొగ్గు ఎన్ని టన్నులు, సాగైన వరి ఎన్ని హెక్టార్లు, పశువులు ఎన్ని యనునది అసలు. ఒక్కొక్క టన్నుకు, హెక్టారుకు, పశువుకు ఎంత వాయువు లేచుననునది రేటు. దీనికి గుణకమని పేరు. రెంటిని హెచ్చించి మొత్తము తెలిసికొందురు.

ఉదాహరణమునకు, 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల 700 గ్రాముల నత్రజని యుండును. మెట్టపొలమున చల్లిన నత్రజనిలో నూటికొక పాలు నైట్రస్ ఆక్సైడుగా మాఱునని అంతర్జాతీయ సామాన్య గుణకము. ఆ ప్రకారము ఒక బస్తానుండి సుమారు 325 గ్రాముల వాయువు పుట్టును. ఇది చూచుటకు స్వల్పమే గాని, 265తో హెచ్చించినచో 86 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానమగును.

అసలు తప్పైనను, రేటు తప్పైనను మొత్తము తప్పగును. మన కథలోని కీలకము ఇచ్చటనే యున్నది.

చిన్న ద్వీపమున లెక్క

హిందూ మహాసముద్రమున మారిషసు అను చిన్న ద్వీపదేశము గలదు. 19వ శతాబ్దమున మన తెలుగువారు చెఱకు తోటలలో కూలికై ఓడలెక్కి అచ్చటికి పోయిరి. వారి సంతతివారు నేటికిని ఉగాది జరుపుకొనుచున్నారు. ఆ దేశమున ఉగాది ప్రభుత్వ సెలవుదినము. సముద్రమట్టము పెరిగిన మొదట నష్టపడునవి ఇట్టి ద్వీపములే యగుటచే, మారిషసు 1992లోనే పై ఒడంబడికను స్థిరపఱచెను.

ద్వీపమున లెక్క ఒకవిధముగా సులభము. బొగ్గు, నూనె అన్నియు రేవుగుండా దిగుమతి కావలసినదే. కనుక రేవు లెక్కలు చూచిన ఇంధనపు అసలు దొరకును. మఱియొక విధముగా కష్టము. లెక్క వ్రాయ నేర్చినవారు కొలదిమంది. తమ నేలకు తగిన గుణకములను కొలిచి తెలిసికొనుటకు తగినన్ని ప్రయోగశాలలు చిన్న దేశములకు ఉండవు. తఱచు పరదేశపు గుణకములతోనే సరిపెట్టుకొనవలెను. అందుచేతనే 2024 చివరిలోగా క్రొత్త పద్ధతి నివేదికలు ఈయవలెనను గడువును చిన్న ద్వీపదేశములకు సడలించి, వీలునుబట్టి సమర్పింపవచ్చునని నియమించిరి.

ఆ ద్వీపము పద్దులో మనమెఱుగవలసిన నియమములు రెండున్నవి. విదేశములకు పోవు విమానములును ఓడలును నింపుకొను ఇంధనమును వేఱుగా చూపుదురే గాని దేశపు మొత్తములో కలుపరు. చక్కెర మిల్లులలో చెఱకుపిప్పి కాల్చి కరెంటు తీయగా వచ్చిన బొగ్గుపులుసు వాయువును ఆ మొత్తములో వేయరు. ఏలయన, చెఱకు ఎదుగునపుడు గాలినుండి తీసికొన్నదే మరల గాలిలో కలిసినది. బొగ్గు అట్లు కాదు. కోట్ల యేండ్లుగా భూగర్భమున నున్న దానిని క్రొత్తగా గాలిలో కలుపుచున్నాము. మన యింటి పొయ్యిలోని పిడకకును, పొలమున కాల్చు కొయ్యకాలికిని ఇదే న్యాయము. వాని బొగ్గుపులుసు వాయువు మొత్తములో చేరదు. మీథేను, నైట్రస్ ఆక్సైడు మాత్రము చేరును.

మన దేశపు పద్దు

2020లో మన దేశమున పుట్టిన వాయువు 295 కోట్ల 90 లక్షల టన్నులని నివేదిక చెప్పుచున్నది. అది కరోనా యేడగుటచే ముందటి యేటికన్న నూటికి సుమారు 8 పాళ్లు తగ్గినది. అందు నూటికి 75 పాళ్లకు పైగా బొగ్గు, నూనెవంటి ఇంధనములవలన. 8 పాళ్లు సిమెంటు, ఇనుము, రసాయనములు మొదలగు పరిశ్రమల ప్రక్రియలవలన. 13 పాళ్లకు పైగా వ్యవసాయము, పశువులవలన. రెండున్నర పాళ్లు చెత్త, మురుగునీటివలన కలిగినవి. అడవులు, చెట్లు, నేలలు పీల్చుకొన్నది సుమారు 52 కోట్ల టన్నులు. దీనిని జమగా వ్రాసి తీసివేసిన నికరము 243 కోట్ల 70 లక్షల టన్నులు.

కావున ఆ వృద్ధరైతుకు మా సమాధానము ఇది: పొగగొట్టము పద్దు పెద్దదే, మన పద్దు చిన్నదే, గాని మన పద్దు సున్న కాదు. 2007వ సంవత్సరపు లెక్కలో వ్యవసాయపు భాగమును నూఱు పాళ్లు చేసినచో, పశువుల నెమరువలన 63 పాళ్లు, వరివలన 21 పాళ్లు తేలినవి. జొన్న, కంది, శనగవంటి మెట్టపంటల చేలలో నీరు నిలువదు గనుక వాని పేర మీథేను వ్రాయరు.

వరిమీద పడిన అభాండము

1990 ప్రాంతమున అమెరికా దేశపు పర్యావరణ సంస్థ భారతదేశపు వరిమళ్లనుండి ఏటేట 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేను లేచుచున్నదని అంచనా వేసెను. మన మళ్లను కొలిచి చెప్పినది కాదు. ఐరోపా, అమెరికాలలోని పొలములయందు కొలిచిన రేటును తెచ్చి మన ఎకరములతో హెచ్చించిరి. అది పరుల వడ్డీరేటును మన అప్పుకు కట్టినట్లయ్యెను.

అప్పుడు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన ఆచార్య ఏ. పి. మిత్రగారి నాయకత్వమున 1991లో దేశమందలి పలు వరిప్రాంతములలో స్వయముగా కొలతలు జరిపిరి. వరి దుబ్బులమీద పెట్టె బోర్లించి, లోపలి గాలిని పిచికారీతో తీసి, యంత్రమున పరీక్షించిరి. తేలిన మొత్తము సుమారు 40 లక్షల టన్నులు, అనగా మోపిన దానిలో తొమ్మిదవ వంతు! కారణము లేకపోలేదు. మన నేలలలో జీవపదార్థము తక్కువ. చాల మళ్లు వానమీద ఆధారపడి నడుమనడుమ ఆఱుచుండును. 2007వ సంవత్సరమునకు కట్టిన లెక్కలో ఇది 33 లక్షల టన్నులని తేలినది.

సోదరులారా! ఆనాడు మనవారు కొలువకున్న, ఆ తప్పు పద్దు మన రైతు తలమీద అట్లే నిలిచియుండెడిది. సరియైన లెక్క రైతునకు శత్రువు కాదు, సాక్షి.

మడిలోని నీరే రేటు

మన దేశపు కొలతలలో తేలిన గుణకములు ఇవి. పంటకాలమంతయు నీరు నిలిపిన మడిలో హెక్టారుకు 162 కిలోల మీథేను. ఒకసారి ఆఱగట్టిన 66 కిలోలు. పలుమాఱు ఆఱగట్టిన 18 కిలోలు. ఎకరమునకు లెక్కించిన వరుసగా సుమారు 65, 27, 7 కిలోలగును. గాలి సోకిన బురదలో మీథేను పుట్టించు సూక్ష్మజీవులు పనిచేయజాలవు.

ఇందు రైతునకు ప్రత్యక్ష లాభమును గలదు. నాటిన మొదటి రెండు వారములు కలుపు అణగుటకు నీరు నిలుపవలెను. తరువాత, చిల్లులు పెట్టిన గొట్టపు ముక్కను మడిలో పాతి, అందు నీరు నేలమట్టమునకు జానెడుకన్న కొంచెము తక్కువ, అనగా 15 సెంటీమీటర్లు, దిగిన పిమ్మట మరల తడి పెట్టవలెను. పూతదశలో మాత్రము మడి ఆఱనీయరాదు. ఇట్లు చేసిన బోరునీరు మిగులును, దిగుబడి చెడదు. యూరియాను ఒకేసారి కుమ్మరింపక విడతలుగా వేయుడు. ఆఱి తడియు మడిలో నత్రజని ఎగిరిపోవుట కొంత హెచ్చును గనుక ఈ జాగ్రత్త అవసరము.

ఏది ఏ పద్దులో?

మన ప్రాంతమున కార్ఖానాలును పొలములును ప్రక్కప్రక్కనే యున్నవి గనుక ఈ సంగతి స్పష్టముగా తెలియవలెను. కార్ఖానా బాయిలరులో కాల్చిన బొగ్గు ఇంధనపు పద్దులో చేరును. ఆ కార్ఖానా వాడిన కరెంటు మాత్రము రామగుండమువంటి చోట్ల బొగ్గు కాల్చిన విద్యుత్కేంద్రము పేరనే వ్రాయబడును. మన బోరు మోటారు కరెంటును అంతే; ట్రాక్టరు డీజిలు ఇంధనపు పద్దుది. ఒకే పైకమును రెండు పద్దులలో వ్రాయరాదను నియమమే యిది.

మఱియొకటి. నక్కవాగున పారిన కార్ఖానాల విషజలమువలన మన పొలములును పశువులును పడిన బాధ ఈ లెక్కలో కనబడదు. కుళ్లిన మురుగునుండి లేచు మీథేను మాత్రమే యిందు చేరును. ఈ పద్దులో చిన్న అంకె గల కార్ఖానా నీటి విషయమున నిర్దోషి యని తలంపరాదు. ఆ లెక్క వేఱు, ఈ లెక్క వేఱు. రెండును అడుగుటకు మనకు హక్కు గలదు.

మన వంతు పని

ఒక గ్రామమున పశుగణనకు వచ్చిన ఉద్యోగితో ఒక రైతు, పన్ను వేయుదురేమో యను భయమున, అయిదు బఱ్ఱెలుండగా రెండే యని చెప్పుట మేము చూచినాము. అట్టి సమాధానములు ప్రోగైనచో వాయువుల పద్దు తప్పగుట యటుండనిండు; ఆ యూరికి రావలసిన టీకామందును కొఱతపడును. 2019 పశుగణనలో దేశమున ఆవులు ఎద్దులు 19 కోట్ల 34 లక్షలు, గేదెలు దాదాపు 11 కోట్లు తేలినవి. ఈ పెద్ద అంకెలకు మూలము మన వాకిట చెప్పిన చిన్న అంకెలే.

కావున పశుగణనయందును, పంటల నమోదునందును నిజము చెప్పుడు. మడి ఎన్నిసార్లు ఆఱగట్టితిరో, యూరియా ఎన్ని బస్తాలు వేసితిరో ఒక పుస్తకమున తేదీతో వ్రాసికొనుడు. నీరు తగ్గించిన వరికి కర్బనపు సొమ్ము ఇప్పింతుమని ఎవరైన కాగితములతో వచ్చినచో, వెంటనే వ్రేలిముద్ర వేయక మూడు ప్రశ్న లడుగుడు: ఏ గుణకముతో లెక్కకట్టినారు? అది మన నేలయందు కొలిచినదా? వచ్చిన సొమ్ములో మా పాలు ఎంత? ఆ కాగితమును ముందు సంఘమునకు తెచ్చి చూపుడు.

వ్రాసియుంచినవానికి వాదముండును, వ్రాయనివాని పద్దును పరులు వ్రాయుదురు. 1990లో జరిగినది అదియే. మరల జరుగకుండ చూచుకొనుట మన చేతిలోని పని.