చిన్న అప్పు - దూరపు సేవకుడు

నేటి ప్రసంగవిషయము అల్పఋణసంఘములును, వానియందు జీతములేక పనిచేయుటకు దూరదేశములనుండి వచ్చు సేవకులును. అప్పు క్రొత్తది కాదు, సేవయు క్రొత్తది కాదు. ఆ రెండింటిని జోడించుటయే క్రొత్త. ఈ కాలమున అమెరికా, ఇంగ్లండు మొదలగు దేశములలో చదువు ముగించిన యువతీయువకులు కొందరు కొలదిమాసములపాటు ఇట్టి సంఘములలో పనిచేయుటకై ఆసియా, ఆఫ్రికా ఖండముల పల్లెలకు పోవుచున్నారు. పరదేశములందు స్థిరపడిన మన తెలుగుకుటుంబముల బిడ్డలును వారిలో కలరు. అట్టివారు మన యరుగుమీద వచ్చి కూర్చుండినపుడు ఏమి అడుగవలెనో, మన పిల్లలే అట్లు బయలుదేరినపుడు ఏమి చెప్పి పంపవలెనో పెద్దలు తెలిసియుండుట మంచిది. వచ్చినవారి మాటపై ఒక బీదయిల్లాలు వ్రేలిముద్ర వేయును. ఆ వ్రేలిముద్రను నమ్ముకొని ఒక యింటి అన్నముండును.

మన ధర్మశాస్త్రకారులు వ్యవహారపదములు పదునెనిమిదింటిని చెప్పి, ఋణాదానమును వానిలో మొట్టమొదట నిలిపిరి. కుదువసొమ్ము గల అప్పునకు నెలకు ఎనుబదవ వంతు వడ్డీ అని యాజ్ఞవల్క్యుని నియమము. నూటికి నెలకు రూపాయి పావలా, ఏడాదికి 15 రూపాయలు అయినది. కుదువ లేని అప్పునకు అంతకంటె హెచ్చు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను అనుసరించి 13వ శతాబ్దిలో కేతన తెలుగున విజ్ఞానేశ్వరీయము వ్రాసెను. ఇందొక సంగతి గమనింపుడు. తాకట్టు పెట్టుటకు ఏమియు లేనివాడే హెచ్చు వడ్డీ ఇయ్యవలసివచ్చుట నేటి బాధ కాదు. స్మృతికర్తల నాటనే ఉన్నది. అల్పఋణసంఘములన్నియు ఈ ఒక్క చిక్కును విడదీయుటకు పుట్టినవే.

మన డెల్టాలోనే చూడుడు. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభమై 1852 నాటికి పూర్తియయ్యెను. నీరు వచ్చిన భూమికి విలువ వచ్చెను. భూమి గలవానికి పరపతి కలిగెను. కాని కౌలురైతునకు పాసుపుస్తకము లేదు గాన బ్యాంకు వానిని నమ్మదు. వాడు విత్తనమునకు, ఎరువునకు, ఊడ్పుకూలికి కమిషన్‌వ్యాపారినో ధాన్యపుమిల్లువారినో ఆశ్రయించును. పంట కళ్ళములో ఉండగనే అప్పులోనికి జమయగును. 2011 ఖరీఫున కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించుట పెద్దలకు జ్ఞప్తియుండును. ఆ సంవత్సరమే కౌలుదారులకు ఋణార్హతకార్డు లిచ్చుటకు చట్టము వచ్చినది. ఇక సెంటుభూమియు లేక, మేకను కొనుటకో కుట్టుయంత్రము కొనుటకో పదివేల రూపాయలు కోరు స్త్రీ సంగతి చెప్పనక్కఱలేదు.

ఈ బాధకు జర్మనీదేశమున ఒక గ్రామాధికారి ఉపాయము కనిపెట్టెను. ఆయన పేరు ఫ్రీడ్రిఖ్ విల్‌హెల్మ్ రైఫైజన్ (1818-1888). 1864లో హెడ్డెస్‌డార్ఫ్ అను చోట ఆయన స్థాపించిన పరపతిసంఘమునకు ఆధారమైన సూత్రములు ముఖ్యముగా మూడు. సంఘము ఒకరినొకరు ఎఱిగినవారుండు చిన్న పొలిమేరకు మించరాదు. సభ్యులందరును ఒకరికొకరు పూచీపడవలెను. సంఘమును నడపు పెద్దలు జీతము పుచ్చుకొనరాదు. తాకట్టు లేనిచోట ఇరుగుపొరుగుల ఎఱుకయే తాకట్టుగా నిలిచెనన్నమాట. 1892లో మద్రాసు ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారిని ఈ సంఘముల తీరు పరిశీలించుటకు నియోగింపగా, ఆయన ఐరోపాఖండము చూచివచ్చి 1895, 1897 సంవత్సరములలో నివేదికలు సమర్పించెను. చట్టము చాలదు, ధనము చాలదు, రైఫైజన్ వంటి మనుష్యుని వెదకుడని ఆయన సారాంశము. పిదప 1904లో సహకారపరపతిసంఘముల చట్టము పుట్టెను. దూరదేశము పోయివచ్చిన ఆయన తెచ్చినది రొక్కము కాదు, ఎఱుక.

నూరేండ్లు గడవకముందే తూర్పున మఱియొక ప్రయత్నము జరిగెను. బంగ్లాదేశమున చిట్టగాంగు విశ్వవిద్యాలయములో అర్థశాస్త్రము బోధించు మహమ్మద్ యూనుస్ 1976లో సమీపమునందలి జోబ్రా గ్రామమున 42 మందికి మొత్తము 27 డాలర్ల విలువగల సొమ్ము తన చేతినుండి ఇచ్చెను. అంత స్వల్పమైన మొత్తమునకే వారందరును వర్తకులకు లోబడియుండిరి. ఆ ఆరంభమునుండి 1983లో గ్రామీణ బ్యాంకు ఏర్పడెను. ఐదుగురేసి స్త్రీలు ఒక జట్టు; ఒకరు తప్పిన తక్కినవారికి చిక్కు. 2006లో ఆయనకును ఆ బ్యాంకునకును నోబెల్ శాంతిబహుమానము లభించెను.

మన రాష్ట్రమున దారి కొంచెము వేఱు. నెల్లూరు మండలమందలి దూబగుంట స్త్రీలు లేవదీసిన సారావ్యతిరేకోద్యమము ఫలించి 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. అదే మండలమున పొదుపులక్ష్మి అను పేర రోజునకు ఒక రూపాయి కూడబెట్టు సంఘములు వెలసెను. 1992లో నాబార్డు ఇట్టి స్వయంసహాయక సంఘములను బ్యాంకులతో కలుపు పద్ధతి ఆరంభించెను. డ్వాక్రా సంఘమన్న తెలియని యిల్లు నేడు మన మండలములలో లేదు. ఈ రెండు దారులకు గల భేదము స్పష్టముగా తెలియవలెను. పొదుపుసంఘమున సభ్యురాలి సొమ్ము ముందు చేరును, అప్పు తరువాత వచ్చును. అల్పఋణసంస్థయందు బయటి సొమ్ము ముందు వచ్చును, కిస్తు వెంటనే మొదలగును. మొదటిదానియందు ఆమె యజమానురాలు; రెండవదానియందు ఖాతాదారు.

ఇక దూరపు సేవకుని పని యేమి? 2005లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున కీవా అను లాభాపేక్షలేని సంస్థ ఏర్పడినది. ఎవరైనను 25 డాలర్లు కంప్యూటరుద్వారా వడ్డీలేక అప్పుగా ఇయ్యవచ్చును. ఆ సొమ్ము ఆయా దేశములందలి స్థానికసంస్థలద్వారా బీదలకు చేరును. ఆ సంస్థ స్వచ్ఛందసేవకులను పల్లెలకు పంపి, ఋణగ్రహీతలను కలిసికొనుట, పత్రములు సరిచూచుట మొదలగు పనులు చేయించెను. ఇందు రెండు సంగతులు దాతలకే తఱచు తెలియవు. దాత వడ్డీ పుచ్చుకొనకపోయినను స్థానికసంస్థ వడ్డీ పుచ్చుకొనవచ్చును. ఊరూర తిరిగి వసూలుచేయుటకు వ్యయమున్నది గదా! మఱియు, దాత ఛాయాచిత్రము చూచి ఎన్నుకొను నాటికే ఆ అప్పు పెక్కుసారులు ఇయ్యబడియుండును. ఇవి మోసములని నేననను. సేవకుడు తాను పనిచేయు యంత్రము ఎట్లు తిరుగునో ముందు తెలిసికొనవలెనని మాత్రమే నా మనవి.

సేవకునకు పెద్ద అడ్డంకి భాష. అతడు ప్రశ్నింపగా నడుమ దుబాసీగా నిలుచువాడు తఱచుగా కిస్తులు వసూలుచేయు ఉద్యోగియే. వసూలుదారుని యెదుట "ఈ అప్పువలన నీకు మేలు కలిగినదా?" అని అడిగిన ఏ యిల్లాలు లేదనును? ఆ జవాబును వ్రాసికొనిపోయి ప్రకటించిన అది సాక్ష్యము కాజాలదు.

పదవీవిరమణానంతరము నేను మా యూరి స్త్రీలకు పాసుపుస్తకములు చదివిపెట్టుచుండువాడను. అట్టి సంస్థయొక్క సేవకురాలిగా పరదేశమునుండి ఒక యువతి వచ్చినది. ఆమె తన ప్రశ్నపత్రము ముగించిన పిదప ఒక ముసలమ్మ, "మా పుస్తకంలో ఉన్నదీ, ఆళ్ల పుస్తకంలో ఉన్నదీ ఒకటేనా, చూసి చెప్పు తల్లీ" అని అడిగెను. ఆ యువతి పదిదినములు కూర్చుండి, నేను అంకెలు చదువగా, కార్యాలయపు లెక్కతో ఒక్కొక్క పుస్తకమును పోల్చినది. రెండు పుస్తకములలో ముట్టిన కిస్తులు లెక్కకెక్కలేదని బయటపడి, సరిచేయబడెను. ఆమెకు మన భాష రాదు, మన యాచారములు తెలియవు. కాని ఆ పది దినములు ఊరికి నిజముగా ఉపకరించెను.

లెక్క యనుమాట వచ్చినది గాన ఒక లెక్క వినుడు. 10,000 రూపాయలు అప్పు; వడ్డీ నూటికి 12; తీరుగడువు 50 వారములు. మొత్తము వడ్డీ 1,200. వారమునకు అసలు 200, వడ్డీ 24, వెరసి 224. పైకి ఇది నూటికి రూపాయివడ్డీ. కాని 25 వారములు గడచునప్పటికి ఆమెయొద్ద నిలిచిన అసలు 5,000 మాత్రమే. వడ్డీ మాత్రము పదివేలకే కట్టుచున్నది. కడపటి వారమున 200 రూపాయల అసలుపై 24 రూపాయల వడ్డీ! సగటున ఆమె చేతనున్నది ఇంచుమించు 5,100 రూపాయలు. కావున నిజమైన వడ్డీ ఏడాదికి నూటికి 24 వరకు పోయినది. అనగా మన ఊరిమాటలో రెండు రూపాయల వడ్డీ. అసలు తగ్గినకొలది వడ్డీయు తగ్గు పద్ధతి వేఱు, తగ్గని పద్ధతి వేఱు. ఈ భేదము ఎఱుగని సేవకుడు ఎంత దయాళువైనను బీదలకు దారి చూపలేడు.

దయతో ఆరంభమైనది ఎట్లు మారునో మన రాష్ట్రమే చూచినది. హైదరాబాదున పుట్టి అమెరికాలో పెరిగిన విక్రమ్ ఆకుల తొలుత మెదకు మండలమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో పనిచేసి, తరువాత 1997లో స్వయంకృషి సంగం స్థాపించెను. లాభాపేక్ష లేక మొదలైన ఆ ప్రయత్నము పిదప వ్యాపారసంస్థగా మారి, 2010లో వాటాలు బజారున అమ్మెను. లక్షలాది స్త్రీలకు అప్పు చేర్చుటకు పెట్టుబడి కావలెనను వాదమున బలము లేకపోలేదు. కాని ఆ కాలమున సంస్థలు పలువురై, ఒక్క యింటికే మూడు నాలుగు అప్పులు చేరెను. ఒక కిస్తు తీర్చుటకు మఱియొక అప్పు. 2006 మార్చిలో కృష్ణామండలాధికారులు రెండు సంస్థల శాఖలను ఇంచుమించు 50 మూయించిరి. 2010లో ఋణగ్రహీతల ఆత్మహత్యావార్తలు రాష్ట్రమును కలచివైచెను. ఒకరికొకరు పూచీ అను రైఫైజన్ సూత్రమే పొరుగింటి గుమ్మమున కూర్చుండి నిందించు సాధనముగా మారెను. ఆ అక్టోబరున ప్రభుత్వము ఆర్డినెన్సు చేసి, నిర్బంధపు వసూలును నిషేధించి, వారపు కిస్తులను మాసపు కిస్తులుగా మార్చెను. వసూళ్ళు నిలిచెను; క్రొత్త అప్పులును నిలిచెను. గట్టు తెగిన కాలువవలె ముందు ముంపు, పిదప ఎండ.

ఇంతకు మంచి సేవకుడెవ్వడు? నాకు తోచిన యుదాహరణము మన స్త్రీలే. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల సంస్థ ఏర్పడినపుడు, మన రాష్ట్రపు పొదుపుసంఘములలో ఆరితేరిన గ్రామస్త్రీలు జట్లుగా బీహారు మొదలగు రాష్ట్రములకు పోయి, అచ్చటి పల్లెలలోనే బసచేసి సంఘములు కట్టుట నేర్పిరి. వారికి గౌరవవేతన మిచ్చిరి గాని, వారు అప్పు ఇయ్యబోలేదు. భాష వేఱు, తిండి వేఱు. అయినను "నేనును నీవంటిదాననే, నా పుస్తకము చూడుము" అని చెప్పగల అర్హత వారికుండెను. కళాశాలలో చదివిన యువకునకు ఆ యర్హత లేదు. అతడు దానిని లెక్కలు సరిచూచుటవలన, ఓర్పుగా వినుటవలన సంపాదించుకొనవలెను.

కావున పెద్దలారా, ఇట్టి సంస్థగాని సేవకుడుగాని మన యూరికి వచ్చినపుడు ఈ ప్రశ్నలు అడుగుడు. వడ్డీ తగ్గుచున్న అసలుపైననా, మొదటి అసలుపైననా? ఈ యింటికి ఇదివఱకే అప్పులెన్ని? పొదుపు ఎవరి పేర ఉండును? కిస్తు తప్పినపుడు ఏమి చేయుదురు? సేవకుడు వెళ్ళిన పిదప ఈ పని ఎవరు చేయుదురు? 2022లో రిజర్వుబ్యాంకు చేసిన నియమములు మీకు తోడుగా ఉన్నవి. ఏడాదికి 3 లక్షల రూపాయలకు మించని ఆదాయము గల కుటుంబమునకు కుదువ లేక ఇచ్చునదే ఈ ఋణము. ఆ కుటుంబపు కిస్తులన్నియు కలిసి నెలసరి ఆదాయమున సగము మించరాదు. వడ్డీయు, తక్కిన ఖర్చులును వివరించు పత్రము ఆమెకు తెలిసిన భాషలో ఇయ్యవలెను. ఆ పత్రము చూపుమని అడుగుట మీ హక్కు.

మీ మనుమడో మనుమరాలో ఆఫ్రికాకో మఱియొక దేశమునకో ఈ సేవకై బయలుదేరిన ఆపవలదు. పోవుటకు ముందు మన యూరి సంఘమున ఒక మాసము కూర్చుండి పుస్తకము వ్రాయుమనుడు. పోయిన చోట వసూలుదారుడు కాని దుబాసీని వెదకుకొనుమనుడు. ఛాయాచిత్రము తీయుటకు ముందు ఆ యిల్లాలి లెక్క చూడుమనుడు.

ఈ నెల సంఘసమావేశమునకు మీలో చదువు వచ్చినవారొకరు పోయి, ఆడువారి పాసుపుస్తకములను కార్యాలయపు లెక్కతో ఒక్కసారి పోల్చిచూడ కోరుచున్నాను.