మన చెవిలో పాతకాలపు దవడ!

చేప రెక్కకీ మన చేతికీ చుట్టరికం ఉంది. ఒకప్పటి దవడ ఎముకలు మన చెవిలో ఉన్నాయి. వినడానికి వింతగా ఉన్నా, యూనివర్సిటీలో జంతుశాస్త్రం చదివేవారికి ఇవి మామూలు పాఠాలే. వెన్నెముక ఉన్న జీవుల పరిణామాన్ని చదవడమంటే ఒకరకంగా మన ఒంటి చరిత్రను మనం చదువుకోవడమే!

గబ్బిలం రెక్క, కుందేలు ముందుకాలు, తిమింగలం తెడ్డు, మనిషి చెయ్యి... పైకి చూస్తే ఒకదానికొకటి పోలికే లేదు. లోపలి ఎముకలు చూస్తే మాత్రం ఆశ్చర్యమేస్తుంది. పైభాగంలో ఒక ఎముక, దాని తర్వాత రెండు, ఆ తర్వాత మణికట్టులో చిన్నచిన్నవి, చివర వేళ్లు. నాలుగింటిలోనూ అదే వరస! చేసే పని మారిందే తప్ప అమరిక మారలేదు. అన్నిటికీ మూలపురుషుడు ఒకడే కావడమే అందుకు కారణం.

మరి నీళ్లలోంచి నేలమీదికి వచ్చిన ఆ మూలపురుషుడు ఎలా ఉండేవాడు? నీల్ షూబిన్ బృందం దానికోసం లెక్కవేసి మరీ వెతికింది. చేపలు మాత్రమే ఉన్న కాలానికీ, నాలుగు కాళ్ల జీవులు కనిపించిన కాలానికీ మధ్యనాటి రాళ్లు ఎక్కడున్నాయో చూసుకుని కెనడా ఉత్తర కొసకు వెళ్లింది. కొన్నేళ్లు తిరిగాక, 2004లో ఎల్స్‌మియర్ దీవిలో 37.5 కోట్ల ఏళ్లనాటి ‘టిక్టాలిక్’ దొరికింది. పొలుసులూ మొప్పలూ చేపవి. మెడా, రెక్కలో మణికట్టు లాంటి ఎముకలూ నేలమీది జీవులవి!

గొంతు నరం చుట్టుదారి

ఈ చదువు ఎవరికి పనికొస్తుందనుకుంటే, థైరాయిడ్ ఆపరేషన్ సంగతి చూడాలి. మాట పలికించే స్వరపేటికకు ఒక నరం వెళ్తుంది. తిన్నగా వెళ్తే జానెడు దూరం. కానీ ఎడమవైపు నరం ఛాతీలోకి దిగి, గుండె దగ్గరి పెద్ద ధమనిని చుట్టి, మళ్లీ పైకెక్కుతుంది. జిరాఫీలో ఈ చుట్టుదారి నాలుగు మీటర్లు దాటుతుంది! చేపల్లో ఆ నరం మొప్పల దగ్గరి రక్తనాళం వెనకనుంచి నేరుగా పోతుంది. కాలక్రమంలో మెడ పొడవై, గుండె కిందికి దిగేసరికి, నాళానికి చిక్కుకున్న నరం సాగుతూ వచ్చింది. ఆపరేషన్‌లో అది దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది. అందుకే సర్జన్లు అక్కడ ఒళ్లంతా కళ్లు చేసుకుంటారు.

చెవిదీ అలాంటి కథే. మన చెవిలో సుత్తి, దాగలి అని పిలిచే బుల్లి ఎముకలు సరీసృపాల్లో దవడ కీలులో ఉంటాయి. జర్మన్ శాస్త్రవేత్త రైకర్ట్ 1837లోనే పిండాలను పరిశీలించి ఈ సంబంధాన్ని చెప్పాడు.

రాయి విరిగితే రహస్యం

మన దేశపు రాళ్లలోనూ ఈ చరిత్ర బోలెడుంది. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ రాళ్లలో దొరికిన ఓ చిన్న గిట్టల జంతువుకు 1971లో ఎ.రంగారావు ‘ఇండోహ్యూస్’ అని పేరు పెట్టారు. ఆయన మరణానంతరం, ఆయన దాచిన రాళ్లు అమెరికాలోని హాన్స్ థెవిసన్‌కు చేరాయి. శుభ్రం చేస్తుండగా పొరపాటున ఓ చెవి ఎముక విరిగింది. లోపలి గోడ మందంగా ఉంది... అచ్చం తిమింగలం చెవిలా! తిమింగలాలకు దగ్గరి చుట్టం నేలమీద తిరిగిన ఈ చిన్న జంతువేనని 2007లో ప్రపంచానికి తెలిసింది. తిమింగలం చెవి ఎలా ఉంటుందో తెలిసినవారి చేతిలో పడింది కాబట్టి సరిపోయింది. లేకపోతే అది విరిగిన ఎముకే!

కత్తి పక్కన పెట్టినా...

ఒకప్పుడు జంతుశాస్త్రం ప్రాక్టికల్స్ అంటే మైనపు ట్రే, కప్ప, ఫార్మలిన్ వాసన. మూగజీవాల ప్రాణాలు తీయడం మీద అభ్యంతరాలు రావడంతో, కోతలను తగ్గించాలంటూ యూజీసీ 2011లో మార్గదర్శకాలిచ్చింది. 2014లో మానేయాలని చెప్పింది. మంచి మాటే. ఆ స్థానంలో కంప్యూటర్ బొమ్మలు వచ్చాయి. అయితే ఎముక బరువునూ, కీలు కదిలే తీరునూ తెరమీద బొమ్మ చెప్పలేదు. అందుకే అస్థిపంజరాలూ, మ్యూజియాలూ ఇప్పుడు మరింత అవసరం.

మరోపక్క ఎన్‌సీఈఆర్‌టీ 2023లో పదోతరగతి పుస్తకంలోంచి జీవపరిణామాన్ని తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలూ, ఉపాధ్యాయులూ అభ్యంతరం చెబుతూ బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఆ పాఠం ఉంది. కానీ ఆ పుస్తకాలు చదివే పిల్లల్లో పది తర్వాత లెక్కలో, కామర్సో తీసుకున్నవారికి అది కనిపించదు. తన చేతికీ గబ్బిలం రెక్కకీ ఉన్న బంధం తెలియకుండానే వాళ్ల చదువు ముగిసిపోవచ్చు.

ఆ లోటు కొంతైనా తీర్చుకునే చోటు మనకు దగ్గర్లోనే ఉంది. ప్రాణహిత-గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర దొరికిన ‘కోటసారస్’ అనే రాక్షసబల్లికి 1988లో పి.యాదగిరి పేరు పెట్టారు. సుమారు తొమ్మిది మీటర్ల ఆ అస్థిపంజరం హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. పిల్లల్ని తీసుకెళ్లి దాని ముందుకాలి ఎముకలు లెక్కపెట్టమనండి. పైన ఒకటి, కింద రెండు, ఆ తర్వాత బోలెడు... తర్వాత వాళ్ల చేతిని వాళ్లనే తడిమి చూసుకోమనండి!