సారిత్సా నిజంగా విలనేనా? ఫతూయి అసలు ప్లాన్ మీద నా థియరీ

ఇవాళ గెన్షిన్ ఇంపాక్ట్‌లో ఫతూయి గురించి మాట్లాడుకుందాం. ముందే చెప్పేస్తున్నా, ఇందులో మోండ్‌స్టాట్ నుంచి నాట్లాన్ వరకు అన్నీ స్పాయిలర్లే. ఇంకా ఇనజుమా కూడా పూర్తి చెయ్యనివాళ్లు ఉంటే ఇక్కడే ఆపేసి, ఆడి, తర్వాత రండి. నాట్లాన్ తర్వాతి కథ జోలికి నేను వెళ్లను. లీకుల జోలికి అసలే వెళ్లను. లీక్ చూసి చెప్పేదాన్ని థియరీ అనరు, స్లిప్పులు పెట్టి పరీక్ష రాయడం అంటారు.

మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే. సారిత్సాకి ఆ నోసిస్‌లు ఎందుకు? అన్నీ తీసుకుని ఏం చేస్తుంది?

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. టెయ్‌వాట్‌లో ఏడు దేశాలు, ఒక్కో దేశానికి ఒక్కో దేవత, అంటే ఆర్కన్. ఒక్కో ఆర్కన్ దగ్గర చదరంగం పావులా కనిపించే ఒక నోసిస్. మంచు దేశం స్నెజ్నాయాకి ఆర్కన్ సారిత్సా. ఆమె కింద పనిచేసే సంస్థ ఫతూయి, దాని పైన పదకొండు మంది హార్బింజర్లు. గేమ్ 2020 సెప్టెంబర్ 28న వచ్చింది. అప్పటి నుంచి మనం ఏ దేశానికి వెళ్లినా వీళ్లలో ఒకరు మనకంటే ముందే అక్కడ ఉంటారు.

ఇప్పుడు ఆ నోసిస్‌లు చేతులు మారిన తీరు చూడండి. వెంటీ దగ్గర సిన్యోరా గుంజుకుంది, అది పచ్చి దౌర్జన్యం. జోంగ్లీ మాత్రం ఒప్పందం చేసుకుని తనే ఇచ్చాడు. ఇనజుమాలో యాయే మీకో ట్రావెలర్ ప్రాణం కోసం స్కారమూష్‌కి ఇచ్చేసింది. సుమేరులో నహీదా డొట్టోరేతో బేరం ఆడి ఒకటి కాదు, రెండు ఇచ్చింది. ఫోంటైన్‌లో న్యూవిలెట్ అర్లెకీనోకి అప్పజెప్పాడు. అంటే లాక్కున్నది ఒక్కచోటే. మిగతాచోట్ల బేరమో, ఒప్పందమో, ఇష్టపూర్వకంగా ఇచ్చెయ్యడమో. మనం ‘దొంగలు, దొంగలు’ అంటాం గానీ, ఆరు వేల ఏళ్లు బతికిన ఒప్పందాల దేవుడు జోంగ్లీ తెలిసి తెలిసి నష్టపోయే బేరం చేస్తాడా? ఆయనకి ఏదో తెలుసు. మనకి చెప్పట్లేదు.

ఇక సారిత్సా మనసు సంగతి. ఇక్కడ మనవాళ్లు ఒక పొరపాటు చేస్తుంటారు. ఎవరు ఏ మాట అన్నా దాన్ని గేమ్ చెప్పిన నిజం కింద లెక్కేస్తారు. చైల్డ్ వాయిస్ లైన్ గుర్తుందా? ఆమె నిజానికి చాలా మెత్తని మనిషి, మరీ మెత్తన కాబట్టే గట్టిపడాల్సి వచ్చింది, శాంతి కావాలనుకుంటోంది కాబట్టే లోకం మొత్తం మీద యుద్ధం ప్రకటించింది, ఇదీ అతను చెప్పేది. అటు డైన్స్‌లైఫ్ ఏమంటాడు? ఆమెకి తన ప్రజల మీద ప్రేమ మిగల్లేదు, వాళ్లకీ ఆమె మీద లేదు అంటాడు. రెండూ గేమ్‌లో ఉన్న మాటలే. కానీ చైల్డ్ ఆమె సైనికుడు, ఆమె అంటే ప్రాణం పెడతాడు. డైన్స్‌లైఫ్ దేవుళ్లంటే మండిపడే కాయెన్రియా మనిషి. ఎవరి కళ్లద్దాలు వాళ్లవి. అన్నట్టు గేమ్‌లో తెలుగు లేదు కదా, మనం ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ మీద నెట్టుకొస్తాం. స్కిప్ కొట్టేస్తే ఇలాంటి తేడాలు పట్టుకోలేం. వాయిస్ లైన్లు ఒకసారి తీరిగ్గా చదవండి.

నేను ఇద్దరి మాటా నమ్ముతా. ఆమెకి శాంతి కావాలి. దాని కోసం ఇప్పుడున్న మనుషుల్ని ఖర్చు పెట్టడానికి సిద్ధపడింది. నా థియరీ మొత్తం ఈ ‘ఖర్చు’ అనే మాట మీదే నిలబడి ఉంది.

టెప్పెయి గుర్తున్నాడా? ఇనజుమాలో కోకోమి సైన్యంలో ఉండే కుర్రాడు. విజన్ లేదు, పెద్ద బలం లేదు, కానీ కబుర్లు బోలెడు. మనకి ఫ్రెండ్ అయ్యాడు. కొన్నాళ్లకి ఉన్నట్టుండి యుద్ధంలో ఇరగదీస్తున్నాడు, కెప్టెన్ కూడా అయ్యాడు. ఎలా అంటే, అతని చేతికి డెల్యూజన్ వచ్చింది. విజన్ దేవుడిచ్చేదైతే డెల్యూజన్ ఫతూయి తయారుచేసేది. శక్తినిస్తుంది, బదులుగా ఆయుష్షు పీల్చేస్తుంది. చివర్లో చూస్తే జుట్టు నెరిసిపోయి ముసలాడైపోయి ఉంటాడు, మన ముందే కళ్లు మూస్తాడు. నాకైతే గేమ్ మొత్తంలో చాలా బాస్ ఫైట్ల కంటే ఆ సీనే గట్టిగా తగిలింది.

ఇప్పుడు దాని వెనకున్న లెక్క చూడండి. ఒకవైపు ఫతూయి టెన్ర్యో కమిషన్‌తో చేతులు కలిపి విజన్లు లాక్కునే చట్టానికి ఎగదోసింది. ఇంకోవైపు ఆ చట్టం మీద పోరాడేవాళ్లకే గుట్టుగా డెల్యూజన్లు అందించింది. రెండు వైపులా మంట పెట్టింది వాళ్లే. టెప్పెయి కోసం కోపంతో మనం ఆ డెల్యూజన్ ఫ్యాక్టరీకి పరిగెత్తుతాం. అక్కడ స్కారమూష్ చేతికి చిక్కుతాం. మనల్ని విడిపించడానికే యాయే మీకో నోసిస్ ఇచ్చేస్తుంది. అంటే ఇనజుమా నోసిస్ వాళ్ల చేతికి వచ్చిన దారి టెప్పెయి చావు మీదుగానే పోయింది. శాంతి కోసమే అన్నారు కదా, ఆ శాంతికి బిల్లు కట్టింది ఎవరు? దేవుళ్లతో ఏ గొడవా లేని ఒక మామూలు సైనికుడు.

ఇంకో మెలిక ఉంది. సిన్యోరా అసలు పేరు రోజలీన్, ఊరు మోండ్‌స్టాట్. 500 ఏళ్ల కిందటి విపత్తులో ప్రేమించిన రోస్టమ్‌ని పోగొట్టుకుంది. ఆ బాధతో తన ఒంట్లోనే మంట పుట్టించుకుని రాక్షసుల్ని కాల్చుకుంటూ తిరిగింది, తనూ కాలిపోతూ వచ్చింది. ఆ మంటని ఆపింది ఏంటనుకున్నారు? పియెరో తెచ్చిచ్చిన డెల్యూజన్. సిన్యోరాని బతికించిన వస్తువే టెప్పెయిని చంపింది! రైటర్లు కావాలనే పెట్టారంటాను నేను. 2021లో 2.1 వెర్షన్‌లో షోగన్ ఒక్క వేటుతో ఆమెని బూడిద చేసినప్పుడు చాలామంది పండగ చేసుకున్నారు. తర్వాత గతం చదివి అయ్యో అనుకున్నారు. రెండూ న్యాయమే. కానీ ఆమెని మళ్లీ బతికించి తీసుకురావాలి అనే థియరీ మాత్రం నాకు నచ్చదు. అలా తెస్తే ఆ చావుకి ఉన్న బరువు పోతుంది.

కథ ముందుకి ఎటు పోతుందో ఇప్పుడు చెప్తా. ఇక్కడి నుంచి నా ఊహ.

నోసిస్‌లు మూడో డిసెండర్ అవశేషాలని ఫోంటైన్ కథలో తెలిసింది. డిసెండర్ అంటే ఈ లోకానికి బయటి నుంచి వచ్చిన వ్యక్తి. మన ట్రావెలర్ నాలుగో వ్యక్తి. టెయ్‌వాట్‌లో పుట్టినవాళ్ల తలరాత ముందే రాసి ఉంటుంది, ఆ రాతకి లొంగనివాళ్లు బయటివాళ్లే. సారిత్సాకి కావాల్సింది ఆర్కన్ల పవర్ కాదు, ఆ ‘బయటితనం’ అని నా అనుమానం. ఆమె టార్గెట్ పైనున్న సెలెస్టియా. సిన్యోరా అంత్యక్రియల వీడియోలో పియెరో కూడా దేవుళ్ల చేతిలోని అధికారాన్ని లాక్కోవడం గురించే మాట్లాడాడు.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. గేమ్ మొదటి సీన్‌లో మనల్ని, మన తోబుట్టువుని విడదీసింది కూడా ఆ పైవాళ్లే. మన తోబుట్టువు అబిస్‌తో కలిసి పోరాడేదీ వాళ్ల మీదే. అంటే మనకి, అబిస్‌కి, ఫతూయికి శత్రువు ఒక్కడే! అందుకే స్నెజ్నాయాలో సారిత్సా మనతో కొట్లాడే ముందు ‘నాతో రా’ అని పిలుస్తుందని నా గెస్. ఆ పిలుపు తప్పనిపించదు కూడా. ట్రావెలర్ వద్దనడానికి ఒక్కటే కారణం ఉంటుంది, టెప్పెయి.

కెపిటానో సంగతి వేరు కదా అంటారు. నిజమే, అందుకే అతను ముఖ్యం. నాట్లాన్‌కి నోసిస్ కోసమే వచ్చాడు, మవూయికాతో తలపడ్డాడు, చివరికి ఆమె చావాల్సిన చోట తనని తాను ఇచ్చుకున్నాడు. హార్బింజర్లలో బిల్లు పక్కవాడి మీద వెయ్యకుండా సొంత జేబులోంచి కట్టినవాడు అతనే. డొట్టోరేని పక్కన పెట్టి చూడండి, చిన్నపిల్ల కోలేయి మీద ప్రయోగాలు చేసినవాడు. ఇద్దరూ ఒకే జెండా కింద ఉన్నారు. సారిత్సా వీళ్లిద్దరిలో ఎవరిలాంటిదో తేలితే మనకి జవాబు దొరికినట్టే.

నా థియరీ తప్పని ఎప్పుడు ఒప్పుకుంటానంటే, స్నెజ్నాయాలో ఒక ఏడుపు ఫ్లాష్‌బ్యాక్ వేసి, ‘పాపం, ఆమె కూడా బాధపడింది’ అని ఫైల్ మూసేస్తే. డెల్యూజన్ ఫ్యాక్టరీ ప్రస్తావన కూడా రాకపోతే. అలా చేస్తే థియరీ పోయిందనే కాదు, కథ మీద కూడా నాకు కోపం వస్తుంది. అదే ఎవరైనా ఒకరు, ట్రావెలర్ కాకపోయినా పైమాన్ అయినా సరే, టెప్పెయి పేరు ఆమె ముఖం మీద అంటే చాలు, నేను ఇక్కడ డాన్స్ చేస్తా.

వచ్చే ఎపిసోడ్‌లో డొట్టోరే, తన సెగ్మెంట్లన్నిటినీ చెరిపేశానన్న మాట ఎంతవరకు నమ్మొచ్చో చూద్దాం. అప్పటిదాకా సుమేరు చివరి క్వెస్ట్‌లో నహీదాతో అతని సంభాషణ ఒకసారి తిరగెయ్యండి, స్కిప్ కొట్టకుండా. ఉంటా మరి.