లేని మాటల వెనుక ఉన్న భయం



"మా పాప లేనివన్నీ కల్పించి చెబుతోంది సిస్టర్" అని కొందరు తల్లులు అడుగుతుంటారు. జ్వరం గురించి గట్టిగానే చెబుతారు గాని, ఈ మాటకు మాత్రం గొంతు తగ్గిస్తారు. నాన్న జీడిమామిడి తోటలో కూలికి వెళుతుంటే, హైదరాబాదులో ఉద్యోగమని స్నేహితులతో చెప్పే పిల్లలున్నారు. రాయని పరీక్ష రాశానంటారు. ఇలాంటి పిల్లల్లో చాలామంది మోసగాళ్ళు కారు, భయస్థులు. నలుగురిలో చులకనవుతామని, ఇంట్లో దెబ్బలు పడతాయని భయపడి ఆ నిమిషం గట్టెక్కడానికి ఒక మాట అనేస్తారు. దానిని నిలబెట్టుకోవడానికి మరొకటి చెప్పాలి. దాంతో బెంగ ఇంకా పెరుగుతుంది.

మన అడ్డతీగల, రాజవొమ్మంగి వైపు ఎందరో పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుతారు. సంక్రాంతి సెలవులు అయిపోయే రోజున కడుపునొప్పి వస్తే "నాటకం" అనేస్తాము. కాని ఆందోళన వలన గుండె దడ, అరచేతుల్లో చెమట, నిజమైన కడుపునొప్పి కూడా వస్తాయి. పైగా మనది మలేరియా, సికిల్ సెల్ జబ్బు ఉన్న ఏజెన్సీ ప్రాంతం. ముందు రక్తపరీక్ష చేయించండి, నాటకమా కాదా అనేది తరువాత చూద్దాం.

ఎవరైనా కొట్టారని, తాకకూడని చోట తాకారని చెబితే మాత్రం, ఆ బిడ్డ అంతకు ముందు వంద అబద్ధాలు చెప్పి ఉన్నా సరే, ఈ మాటను కొట్టిపారేయకూడదు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ఇటువంటి పిల్లల కోసమే. 1098కు ఫోన్ చేయవచ్చు.

"నాన్నా పులి" కథ మనమందరం చెబుతాము. కెనడాలో 3 నుండి 7 ఏళ్ళ పిల్లలతో చేసిన ఒక పరిశీలన 2014లో వెలువడింది. అబద్ధానికి శిక్షపడే అటువంటి కథ విన్నాక పిల్లలు నిజం చెప్పడం ఏమీ పెరగలేదట. నిజం చెప్పినందుకు తండ్రి మెచ్చుకున్న కథ విన్నవారిలో పెరిగిందట. వారు చిన్నపిల్లలే అయినా, పెద్దపిల్లలకూ ఇది వర్తిస్తుందని నా అభిప్రాయం.

కాబట్టి తెలిసిన సంగతినే తెలియనట్లు అడిగి పట్టుకోవద్దు. ఒట్లు వేయించవద్దు. ప్రార్థన కూటంలో అందరి ముందు నిలబెట్టి ఒప్పించడం అసలే వద్దు. రాత్రి అన్నాలయ్యాక, తమ్ముళ్ళు చెల్లెళ్ళు లేనప్పుడు, "అలా చెప్పకపోతే ఏమవుతుందని భయపడ్డావమ్మా?" అని అడగండి. జవాబు ఆ రోజే రాకపోవచ్చు. నిజం చెప్పిన రోజున తిట్టకండి. చేసిన తప్పును సరిదిద్దుకోవడానికి తోడు వెళ్ళండి. మాస్టారి దగ్గరకైనా సరే.

తాను కల్పించిన దానిని తానే నమ్ముతున్నా, ఎవరివో మాటలు వినబడుతున్నాయన్నా అది అబద్ధాల కిందకు రాదు, డాక్టరుకు చూపించాలి. నిద్ర, తిండి మానేసినా, చేతులు కోసుకున్నా, చచ్చిపోతానన్నా ఆలస్యం చేయకండి. పురుగుమందు డబ్బాలు తాళం వేసి, ఆమెను ఒంటరిగా విడిచిపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. టెలి మానస్ నంబరు 14416. ఇది 2022లో మొదలైంది. రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. సిగ్నల్ అందే చోట నిలబడి ఆ పిల్ల చేతికే ఫోన్ ఇచ్చి, మీరు కాస్త పక్కకు జరగండి.