క్లినికల్ సైకాలజీలో డాక్టరేటు ఇంటర్న్‌షిప్పు: సంఘ కాపరులు తెలిసికొనవలసిన కొన్ని సంగతులు

కొంతకాలము క్రిందట ఫిబ్రవరి మాసములో మా సంఘమునకు చెందిన ఒక తల్లి ఫోను చేసి, “వందనాలు అయ్యగారూ, అమెరికాలో ఉన్న మా అమ్మాయికి మ్యాచ్ కుదిరిందండి, స్తుతి ప్రార్థన చేయండి” అనిరి. వరుడెవరు, ఏ సంఘము వారు అని మేము అడిగితిమి. కొంతసేపు మాటలాడిన తరువాత గాని సంగతి తెలియలేదు. కుదిరినది పెండ్లి కాదు, ఇంటర్న్‌షిప్పు. అదేమిటో తల్లికిని స్పష్టముగా తెలియదు. “డాక్టరు చదువే గాని మందులు రాయదంటండి” అని మాత్రము చెప్పగలిగిరి. ఆ అమ్మాయితో మాటలాడి తెలిసికొన్నదియు, తరువాత మేము చదివి గ్రహించినదియు ఈ వ్యాసమునకు ఆధారము.

ఆ తల్లి చెప్పిన మాట చాలవరకు సరియైనదే. సైకియాట్రిస్టు అనగా వైద్యవిద్య ముగించి మానసిక వ్యాధులలో ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యుడు. మందులు వ్రాయుట ఆయన పని. క్లినికల్ సైకాలజిస్టు మనోవిజ్ఞాన శాస్త్రమునుండి వచ్చినవారు. పరీక్షలద్వారా సమస్యను నిర్ధారించుట, సంభాషణా చికిత్స చేయుట వారి పని. అమెరికాలో న్యూ మెక్సికో 2002లోను, లూసియానా 2004లోను అదనపు శిక్షణ పొందిన సైకాలజిస్టులకు మందులు వ్రాయు అధికారము నిచ్చినవి. తరువాత మరి కొన్ని రాష్ట్రములు ఆ మార్గమున నడచినవి గాని, అధిక రాష్ట్రములలో ఆ అధికారము లేదు.

అమెరికాలో ఈ వృత్తికి డాక్టరేటు అవసరము. అందులో రెండు మార్గములున్నవి. 1949లో బౌల్డర్ పట్టణమున జరిగిన సదస్సు, సైకాలజిస్టు పరిశోధకుడుగాను చికిత్సకుడుగాను ఉండవలెనని నిర్ణయించినది, పి.హెచ్.డి. ఆ మార్గము. చికిత్సకే ప్రాధాన్యమిచ్చు సై.డి. పట్టాకు 1973లో వేల్ సదస్సు ఆమోదము తెలిపినది. ఏ మార్గమైనను, తరగతులు, ప్రాథమిక క్షేత్ర శిక్షణ చాలవరకు ముగిసిన తరువాత ఒక సంవత్సరము పూర్తికాలపు ఇంటర్న్‌షిప్పు చేయనిదే పట్టా చేతికి రాదు. సాధారణముగా అది 2,000 గంటల పని.

ఆ స్థానము దొరకుట ఎట్లు? విద్యార్థులు శరదృతువులో దరఖాస్తులు పంపుదురు. డిసెంబరు, జనవరి మాసములలో ఇంటర్వ్యూలు జరుగును. తరువాత విద్యార్థి తాను కోరుకొను స్థలములను వరుస క్రమములో వ్రాసి ఇచ్చును. శిక్షణ కేంద్రములును తాము కోరుకొను అభ్యర్థులను అట్లే వ్రాసి ఇచ్చును. 1999 నుండి కంప్యూటరు ఈ రెండు జాబితాలను జతపరచుచున్నది. ఆ ఫలితమునకు ఇరుపక్షములును కట్టుబడవలెను. అంతకు ముందు ఒక నిర్ణీత దినమున ఫోనులమీద ఈ తంతు నడచెడిది; ఆ దినపు ఆందోళనను ఊహించుకొనవచ్చును. పెండ్లి అని మేము పొరబడుటలో కొంత న్యాయము లేకపోలేదు. ఈ జతపరచు పద్ధతికి మూలమైన గణితమును గేల్, షాప్లీ అను ఇద్దరు 1962లో ప్రచురించిరి. ఆ వ్యాసపు శీర్షికలోనే వివాహముల స్థిరత్వము అను మాట కలదు!

2010 తరువాతి కొన్ని సంవత్సరములలో స్థానములు చాలక ప్రతి ఏట వందలాది విద్యార్థులు మిగిలిపోయిరి. కేంద్రములు పెరుగుటచేత ఇటీవలి సంవత్సరములలో స్థానముల సంఖ్యయే అభ్యర్థుల సంఖ్యను మించినది. అయితే మన పిల్లలకు వేరొక చిక్కున్నది. అమెరికాలో సైకాలజిస్టులకు అత్యధికముగా శిక్షణ నిచ్చునది మాజీ సైనికుల ఆస్పత్రుల వ్యవస్థ. అందులో చేరుటకు అమెరికా పౌరసత్వము ఉండవలెను. విద్యార్థి వీసా మీద వెళ్లిన తెలుగు పిల్లలకు ఆ ద్వారము మూసియున్నది. అప్పు చేసి పంపు తలిదండ్రులు ఈ సంగతి ముందుగానే తెలిసికొనుట మంచిది.

ఆ సంవత్సరమంతయు ఏమి చేయుదురు? మమ్మును నిలిపివేసిన భాగమిదే. ఇంటర్న్ రోగులను చూచును, పరీక్షలు చేయును, నివేదికలు వ్రాయును. కాని వారమునకు కనీసము 4 గంటలు అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కూర్చుండవలెను. అందులో 2 గంటలు పర్యవేక్షకునితో ఏకాంతముగా. రోగి ఏమి చెప్పెను, నీవేమంటివి, ఎందుకంటివి, ఆ క్షణమున నీలో ఏమి కలిగెను అని అడుగుదురు. అనేక కేంద్రములలో సంభాషణను రికార్డు చేసి వినిపింతురు. “నేను మౌనము భరించలేక మాట్లాడేస్తున్నానని మొదటి నెలలోనే పట్టుకున్నారండీ” అని ఆ అమ్మాయి మాతో చెప్పెను.

తరువాత వృత్తి. పట్టా వచ్చినంతమాత్రమున స్వతంత్రముగా చికిత్స చేయుటకు వీలులేదు. అనేక రాష్ట్రములు డాక్టరేటు తరువాత మరియొక సంవత్సరపు పర్యవేక్షిత అనుభవము కోరును. 225 ప్రశ్నల లిఖిత పరీక్షయు, రాష్ట్రపు లైసెన్సును ఉండవలెను. మెదడు దెబ్బలు, మతిమరపు మొదలగువాటిని పరిశీలించు న్యూరోసైకాలజీ కోరువారు మరి రెండు సంవత్సరములు శిక్షణ పొందుదురు. ఆస్పత్రులు, విశ్వవిద్యాలయ కౌన్సెలింగు కేంద్రములు, చెరసాలలు, సైన్యము, బోధన, సొంత క్లినిక్కు: ఇవి ముఖ్యమైన పని స్థలములు. వేదాంత కళాశాలలకును ఈ రంగముతో సంబంధము లేకపోలేదు. పాసడేనాలోని ఫుల్లర్ సెమినరీ 1965లోనే సైకాలజీ విద్యాలయమును స్థాపించినది.

మన దేశములో మార్గము వేరు. 1992 నాటి చట్టము ప్రకారము భారత పునరావాస మండలిలో నమోదైనవారే క్లినికల్ సైకాలజిస్టు హోదాతో పనిచేయవలెను. చాలకాలముగా దానికి ప్రధాన మార్గము బెంగుళూరు నిమ్హాన్స్ వంటి సంస్థలలో రెండు సంవత్సరముల పూర్తికాలపు ఎం.ఫిల్.; 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఇచ్చిన నిర్వచనములోను పర్యవేక్షణలో పొందిన శిక్షణకు చోటు కలదు. కొద్ది దినముల కౌన్సెలింగు శిబిరమునకు హాజరై బోర్డు మీద ‘సైకాలజిస్టు’ అని వ్రాసికొను దైవసేవకులను మేమెరుగుదుము. అది తగదు.

ఇతరుల తప్పు చెప్పితిమి గనుక మాది కూడ చెప్పవలెను. దాదాపు 20 సంవత్సరముల క్రిందట మేము ఒక గ్రామ సంఘములో పనిచేయుచుండగా, డిగ్రీ చదువుచున్న ఒక యువకుడు నిద్ర మానివేసి, గోడలలోనుండి ఎవరో తనను తిట్టుచున్నారని చెప్పసాగెను. తండ్రి మమ్మును పిలిచిరి. అపవిత్రాత్మ అని మేము నిశ్చయించి మూడు వారములు ఉపవాస ప్రార్థనలు జరిపితిమి. ఆస్పత్రి మాట ఎత్తిన మేనమామను అందరి యెదుట అల్పవిశ్వాసి అని గద్దించితిమి. ఆ గద్దింపు వలన ఇంటివారు రెండు సంవత్సరములు ఆస్పత్రి గడప త్రొక్కలేదు. చివరకు ఆ మేనమామయే అతనిని విశాఖపట్టణములోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసికొనిపోయెను. చికిత్సతో అతడు కుదుటపడెను. చదువు మాత్రము తిరిగి సాగలేదు. ప్రార్థించుట తప్పని మేము ఇప్పుడును తలంచుటలేదు. వైద్యునికి అడ్డుగా నిలిచితిమి, అది తప్పు. ఆ మూడు వారములలో నీవు చేయుచున్నదేమి అని మమ్మును అడుగు పెద్ద ఒక్కరును లేరు. బి.డి. చదువు దినములలో మా ప్రసంగములకు మార్కులు వేసిరి. రోగి మంచము ప్రక్కన మేము పలికిన మాటలను ఎవరును వినలేదు.

ఈ లోటును మొదట గుర్తించినవారిలో ఒకరు ఆంటన్ బోయ్సెన్ అను ప్రెస్బిటేరియన్ సేవకుడు. ఆయన 1920లో తానే తీవ్రమైన మానసిక వ్యాధితో ఆస్పత్రి పాలయ్యెను. కోలుకొని, 1924లో మాసచుసెట్స్‌లోని వూస్టర్ రాష్ట్ర ఆస్పత్రిలో చాప్లెయిన్‌గా చేరి, 1925 వేసవిలో నలుగురు వేదాంత విద్యార్థులను అక్కడికి శిక్షణకు రప్పించెను. రోగులను సజీవ గ్రంథములుగా చదువవలెనని ఆయన బోధ. క్లినికల్ పాస్టరల్ ఎడ్యుకేషన్ అను శిక్షణకు అది ఆరంభము. నేడు దానిలో ఒక యూనిట్ 400 గంటలు. విద్యార్థి రోగితో జరిగిన సంభాషణను మాటకు మాట వ్రాసి తెచ్చును. తోటివారు, పర్యవేక్షకుడు దానిని పరిశీలింతురు. మన దేశములో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల, బెంగుళూరు బాప్టిస్టు ఆస్పత్రి ఈ శిక్షణ నిచ్చుచున్నవి. ఇది ఎవరినీ సైకాలజిస్టుగా చేయదు. ఎక్కడ ఆగవలెనో, ఎవరియొద్దకు పంపవలెనో నేర్పును. గాయపడినవానిని పూటకూళ్లవానికి అప్పగించిన సమరయుడు తిరిగి వచ్చెదనని కూడ చెప్పెను. పంపిన తరువాత పరామర్శించు పని కాపరిదే.

మన సెమినరీలలో క్షేత్రసేవ నిమిత్తము ఇప్పటికే ఆదివారములు కేటాయించుచున్నారు. వాటిలో కొన్నింటిని ఆస్పత్రికి మార్చి, వారమునకు ఒక గంట సంభాషణా పరిశీలనకు ఇచ్చినయెడల పెద్ద ఖర్చేమియు ఉండదు. కావలసినది కూర్చుండి వినగల ఒక పర్యవేక్షకుడు; అట్టివారిని ముందుగా వెల్లూరుకో బెంగుళూరుకో పంపి సిద్ధపరచవలెను. అంతవరకు కాపరులు తమ జిల్లాలోని మానసిక వైద్యుల వివరములు వ్రాసిపెట్టుకొనవచ్చును. మా బైబిలు సంచిలో ఒక చీటీ ఉన్నది. హైదరాబాదువారికి ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, ఉత్తరాంధ్రవారికి విశాఖ ఆస్పత్రి, ఎక్కడివారికైనను 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ ఉచిత ఫోను నంబరు 14416 దానిపై వ్రాసియున్నవి.