ఉత్సాహం చెప్పే మాట నమ్మను

రాత్రి పదకొండింటికి నాకు ఉన్నట్టుండి ఎక్కడలేని హుషారూ వచ్చి, అటక మీది సామాన్లన్నీ దించి సర్దుదామనిపించిందంటే, మావారు మెల్లగా లేచి వెళ్ళి మాత్రల డబ్బా ఎక్కడుందో చూసి వస్తారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన కనిపెట్టిన లెక్క అది. మర్నాడు మధ్యాహ్నానికల్లా నేను మంచమెక్కుతాను. తలుపులు, కిటికీలు మూసేయాలి. వంటింట్లో పోపు వేయకూడదు. పక్కింటి కుక్కర్ కూత కూడా ఎడమ కన్ను వెనకే వినిపిస్తుంది.

నాది దీర్ఘకాలిక మైగ్రేన్. మా అమ్మమ్మకీ ఉండేది. పార్శ్వనొప్పి అని శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకుని, ఆ పట్టుతోనే పొయ్యి దగ్గర కూర్చునేది. ఆవిడకి మరో దారి లేదు. నేను తిరుపతిలో ఒక ఆడిటరు ఆఫీసులో లెక్కలు చూస్తాను. సెలవు పెట్టుకునే వీలు కొంతైనా ఉంది. అదిగాక కలంకారీ వేస్తాను. అమ్మడానికి కాదు, నా సరదాకి. కాళహస్తిలో ఒక గురువుగారి దగ్గర నేర్చుకున్నాను, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. తలనొప్పి మనిషికి ఈ సరదా ఎందుకని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఒకే మాట ఉంది. ఉత్సాహాన్ని నమ్ముకుని ఉంటే ఈ పని ఎప్పుడో మానేసేదాన్ని.

ముందు జబ్బు సంగతి. నెలలో 15 రోజులు, అంతకు మించి తలనొప్పి ఉంటూ, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలు కనిపిస్తూ, మూడు నెలలకు పైగా అలాగే సాగితే దాన్ని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. ఒకవైపు పొడిచే నొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, వెలుతురు, చప్పుడు, వాసన పడకపోవడం. ఇవి అందరికీ తెలిసినవే. కొందరికి నెత్తి మీద చెయ్యి వేస్తేనే మంట పుడుతుంది, దువ్వెన పెట్టనివ్వరు. ఆ రోజుల్లో నేను జడ కూడా వేసుకోను. మల్లెపూల సంగతి సరేసరి. ఆడవాళ్ళలో ఇది మగవాళ్ళ కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ.

చాలామందికి తెలియనిదేమిటంటే, మైగ్రేన్ నొప్పితో మొదలవదు. కొన్ని గంటల ముందే, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల ముందే మొదలవుతుంది. ఆవులింతలు ఆగవు, మెడ పట్టేస్తుంది, తీపి మీదికి మనసు పోతుంది. ఏ పనీ చేయబుద్ధి కాదు, ఊరికే చిరాకు. కొందరికి దీనికి పూర్తిగా ఎదురు: విపరీతమైన హుషారు. జర్మనీలోని హాంబర్గ్‌లో ఒక రోగికి వరసగా 30 రోజులు రోజూ మెదడు స్కాన్ చేసి చూశారు. 2016లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం నొప్పి రావడానికి ముందు 24 గంటల్లోనే హైపోథాలమస్ పనితీరు మారిపోయింది. నిద్ర, ఆకలి, దాహం, ఒంటి వేడి, వీటన్నిటినీ చూసుకునే భాగం అది. మా అటక సర్దుడుకి మూలం బహుశా అక్కడే ఉంది.

ఇది తెలిశాక నా బుర్రలో ఒక పెద్ద ముడి వీడింది. గుడ్డ ముందు కూర్చోబుద్ధి కాని రోజున 'ఇంత బద్ధకమేమిటి' అని నన్ను నేను తిట్టుకునేదాన్ని. ఆ బద్ధకంలో సగం నా గుణం కాదు, వస్తున్న జబ్బు. అలాగే, ఈ రాత్రే గజేంద్రమోక్షం మొత్తం గీసేస్తానన్నంత ఊపు వచ్చినప్పుడు, ఆ ఊపు కూడా పూర్తిగా నాది కాదు. రెండు వైపులా అబద్ధమాడే సాక్షిని పట్టుకుని రోజు ఎలా నడుపుతాం? అందుకే మనసేమంటోందని అడగడం మానేసి, గుడ్డ ఏ దశలో ఉందో చూస్తాను.

కాళహస్తి పద్ధతి కలంకారీలో దశలకు కొదవ లేదు. గంజి పోయేలా ఉతికిన ముతక నూలుగుడ్డని కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది. కరక్కాయలోని వగరు తర్వాత నలుపుని పట్టుకుంటుంది. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీసి, దాని మీద కసిమితో గీతలు వేయాలి. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చేదే కసిమి. తర్వాత ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పెట్టి, ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడించి, మంజిష్ఠ లాంటి వేళ్ళు, చెక్కలు వేసి ఉడికించాలి. పసుపుకి కరక్కపువ్వు, నీలానికి నీలిమందు. ప్రతి రంగుకీ మధ్యలో ఉతుకు, ఆరబెట్టుడు. వెనకటికి ఆ ఉతుకంతా స్వర్ణముఖిలోనే.

అంటే సగం పని ఆగడమే. తిరుపతి నుంచి పరుగెత్తుకుంటూ వెళ్ళి 'ఈ వారం ముట్టుకోలేకపోయానండీ' అని మొహం చిన్నబుచ్చుకుంటే గురువుగారు ఎప్పుడూ ఒకటే అనేవారు. "తొందరేముందమ్మా, గుడ్డ ఎక్కడికి పోతుంది?" ఓదార్పుగా అన్న మాట కాదది. గుడ్డ నిజంగానే ఎక్కడికీ పోదు. పొయ్యి మీద పాకం అలా కాదు, తడి సిమెంటు అలా కాదు. మైగ్రేన్ ఉన్నవాళ్ళు వ్యాపకం ఎంచుకునేటప్పుడు నేను మొట్టమొదట అడగమనేది ఇదే: మధ్యలో వదిలేస్తే పాడవుతుందా? అల్లిక పాడవదు. మొక్కలకి ఇంట్లో ఇంకెవరైనా నీళ్ళు పోస్తారు. సంగీతం కొంచెం కష్టం, చప్పుడు కాబట్టి.

కలం పట్టుకునే రోజు ఎలా ఉంటుందో చెప్తాను. వెదురుపుల్ల మొన చెక్కి, మొనకి కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తాం. ఆ ఉండ కసిమిని పీల్చుకుంటుంది. వేళ్ళతో కొద్దిగా నొక్కితే మొనలోకి దిగుతుంది. ఎక్కువ నొక్కితే బొట్టు, తక్కువైతే గీత తెగుతుంది. గీసినప్పుడు అది నలుపుగా ఉండదు, పలచని మట్టిరంగులో ఉంటుంది. చూస్తుండగానే కరక్కాయ వగరు తగిలి ముదురుతుంది. ఏనుగు తొండం వంపు ఒక్క ఊపులో రావాలి. అక్కడ ఊపిరి బిగబట్టకూడదు, మెడ వంచకూడదు. నేలమీద గుడ్డ పరుచుకుని వంగి వేయడం నాకు సరిపడలేదు. వాలుబల్ల పెట్టుకున్నాను. ఉత్తరపు కిటికీ వెలుతురు చాలు, ట్యూబ్‌లైటు వెయ్యను. ఇంకో లాభం కూడా ఉంది. కరక్కాయ పట్టిన గుడ్డ తెల్లగా మెరవదు, లేత మీగడరంగులో ఉంటుంది. డ్రాయింగు కాగితం తెలుపు నా కంటిని పొడిచినట్టు ఇది పొడవదు.

ఫోనులో అలారం పెట్టుకుని కూర్చుంటాను. మోగితే లేస్తాను. గీత బాగా వస్తున్నా సరే లేస్తాను. ఇది నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఎందుకంటే నొప్పిలేని రోజున పోయిన రోజులన్నిటి బాకీ ఒక్కసారే తీర్చేయాలనిపిస్తుంది. ఆ బాకీ తీరుస్తూ భోజనం ఆలస్యం చేస్తాం, నీళ్ళు తాగం, మెడ పట్టేదాకా కదలం. ఇవన్నీ మైగ్రేన్‌కి పిలుపులే. నొప్పి తగ్గిన మర్నాడు ఒళ్ళు పిండేసినట్టుంటుంది, మాట కూడా వెంటనే తట్టదు. ఆ రోజున కలం ముట్టను. కలానికి ఉన్ని చుట్టుకోవడం, కరక్కాయ పొడి జల్లించడం లాంటివి చేస్తాను. కన్నుతో, ఆలోచనతో పనిలేనివి. చేసినందుకు బొమ్మ ముందుకి జరగదు. కానీ ఆ రోజు కూడా కలంకారీ రోజే అవుతుంది.

కలంకారీలో నాకు పడని దశలూ ఉన్నాయి, దాచడమెందుకు. ఎండలో ఆరుతున్న పాలగుడ్డ వాసన, మూత తీసిన కసిమి కుండ వాసన. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. కసిమి నేను పులియబెట్టను. గురువుగారి దగ్గర సీసాలో పోయించుకుంటాను. గుడ్డ ఆరబెట్టే పని మా అబ్బాయిది, డాబా మీద. రంగు ఉడికించడం కాళహస్తిలోనే చేయించుకుంటాను. పనంతా మనమే చేస్తేనే మనది అనే పట్టింపు నాకు లేదు. అక్కడి కళాకారుల ఇళ్ళలోనూ ఒకరు గీస్తే ఇంకొకరు ఉతుకుతారు.

ఆదివారం గురించి విడిగా చెప్పాలి. ఉద్యోగం చేసేవాళ్ళం సరదాలన్నీ ఆదివారానికి దాచుకుంటాం. సరిగ్గా ఆ రోజే తల పగులుతుంది. ఇది మన కర్మ కాదు. అమెరికాలో రోగుల చేత డైరీలు రాయించి చూసి 2014లో తేల్చిన సంగతి ఇది. ఒత్తిడి పెరిగినప్పటి కంటే, ఉన్న ఒత్తిడి తగ్గిన తొలి 6 గంటల్లో మైగ్రేన్ ముప్పు ఎక్కువట. దానికి తోడు ఆదివారం ఆలస్యంగా లేస్తాం, కాఫీ ఆలస్యం, టిఫిను ఆలస్యం. మా ఆఫీసులో రిటర్నుల గడువు ముగిసిన మర్నాడు నేను పడిపోవడం ఆనవాయితీ. ఇప్పుడు ఆదివారం కూడా మామూలు వేళకే లేస్తాను, కాఫీ మామూలు వేళకే తాగుతాను. కలంకారీని వారం మొత్తానికి కొంచెం కొంచెం పంచేశాను. ఆదివారం పోయినా వారం పోదు.

మాత్రల మాట ఎత్తకపోతే ఈ వ్యాసం సగమే. మందుల షాపులో అడిగితే తలనొప్పి మాత్ర ఇట్టే దొరుకుతుంది కదా, అదే ప్రమాదం. మామూలు నొప్పి మాత్రలు నెలకి 15 రోజులు, మైగ్రేన్ కోసం ఇచ్చే ట్రిప్టాన్లు గానీ రెండు మూడు మందులు కలిపిన మాత్రలు గానీ 10 రోజులు, ఆ పైన నెలల తరబడి వాడితే మాత్రల వల్లే తలనొప్పి వస్తుంది. అప్పుడప్పుడూ వచ్చే మైగ్రేన్ రోజూ వచ్చేదిగా మారడానికి ఇదొక పెద్ద కారణం. మా ఇంట్లో వంటింటి గోడకి వేలాడే వెంకట్రామా వారి క్యాలెండరే నా డైరీ. నొప్పి వచ్చిన రోజుకి ఎర్ర గీత, మాత్ర వేసుకున్న రోజుకి చుక్క. డాక్టరు గారు నా ముఖం కంటే ముందు ఆ క్యాలెండరు ఫోటోలే చూస్తారు.

నొప్పి రాకుండా ముందే రోజూ వేసుకునే మందులు వేరు. బీపీకి వాడే ప్రొప్రనలోల్, మూర్ఛకు వాడే టోపిరమేట్, కుంగుబాటుకు వాడే అమిట్రిప్టిలిన్ మైగ్రేన్‌కీ పనికొస్తాయి. ఏది ఎవరికన్నది డాక్టరే తేల్చాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళకి మొదటిది, గర్భిణులకి రెండోది ఇవ్వరు. ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది, పది రోజులకే మానేస్తే లాభం లేదు. టోపిరమేట్ వాడినన్నాళ్ళూ నా వేలికొసలు చీమలు పాకినట్టు తిమ్మిరెక్కేవి. కలం మీద ఉన్ని ఉండని ఎంత నొక్కుతున్నానో నాకే తెలిసేది కాదు, బొమ్మ నిండా బొట్లు. ఇది డాక్టరుకి చెప్పదగ్గ విషయమా అని సందేహిస్తూనే చెప్పాను. ఆయన నవ్వలేదు, మందు మార్చారు. మీ చేతిపని దెబ్బతింటే అది కూడా లక్షణమే, చెప్పండి. ఇంకా మెడ, తల చుట్టూ ఇచ్చే బొటాక్స్ ఇంజెక్షన్లున్నాయి. అమెరికాలో 2010లో దీర్ఘకాలిక మైగ్రేన్‌కి అనుమతి వచ్చింది. సీజీఆర్‌పీ అనే నొప్పి రసాయనాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు 2018 నుంచి వచ్చాయి. మధ్యతరగతికి ఖర్చు ఎక్కువే. ఒక హెచ్చరిక మాత్రం: ఎప్పుడూ లేని తలనొప్పి పిడుగులా ఒక్కసారి వచ్చినా, జ్వరంతో వచ్చినా, చెయ్యో కాలో మాటో పడిపోయినా డైరీ, క్యాలెండరు అనుకుంటూ కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

బాధలోంచే కళ పుడుతుందని మా బంధువొకాయన సభల్లో చెప్తుంటారు. 12వ శతాబ్దపు జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్ చూసిన వెలుగుల దర్శనాలు మైగ్రేన్ వల్లే కావచ్చని ఆలివర్ సాక్స్ లాంటి వైద్యులు రాశారు. కావచ్చు. నా మటుకు నొప్పి ఒక్క గీత కూడా ఇవ్వలేదు. గీసిన గీతలన్నీ నొప్పి లేని పూటల్లో గీసినవే.

ఇచ్చిన తేదీకి పని అందించడం నా వల్ల కాదు కాబట్టి ఆర్డర్లు ఒప్పుకోను. ఆ మధ్య మా ఆడపడుచు ఫోను చేసింది. "వదినా, మా అమ్మాయి పెళ్ళిచీర కొంగు మీద శ్రీనివాస కళ్యాణం వేసివ్వాలి. మాఘంలో ముహూర్తం."

"ముహూర్తం లేని చీర ఏదన్నా ఉంటే చెప్పు, వేస్తాను," అన్నాను.

అలిగింది. తర్వాత నేనే కాళహస్తికి వెంటబెట్టుకుని వెళ్ళి, మంచి చేయి తిరిగిన వాళ్ళ దగ్గర కొనిపించాను. పెళ్ళి బాగా జరిగింది. చీర అందరికీ నచ్చింది. ఆవిడ మాత్రం కనిపించినప్పుడల్లా, పద్మావతి కళ్ళు నువ్వేసినంత బాగా రాలేదు వదినా అంటుంది. నేను పద్మావతిని ఇంతవరకూ వెయ్యనే లేదని ఆవిడకి చెప్పలేదు.